నూతిలోకి పొడి విసిరెయ్యకురా

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే సత్యం,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులైంది, తిట్టుకో. ఇక్కడ అంతా కులాసా, అమ్మ మోకాళ్ల సంగతి మామూలే. అసలు విషయానికొస్తా.

వీధిలో ఆరుగురికి పచ్చకామెర్లంటే తలుపు గెడలన్నీ శానిటైజర్‌తో తుడిపిస్తున్నావా? అది కరోనా అలవాటురా! కరోనా వైరస్‌కి పైన కొవ్వు పొర, ఆల్కహాల్ తగిలితే చెదిరిపోతుంది. ల్యాబులో రాగి మీద 4 గంటలు, అట్ట మీద 24, స్టీలు మీద 48, ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా కనిపించింది. అదీ చివరి ఆనవాలే, ప్లాస్టిక్ మీద 7 గంటలకోసారి సగం పోతుంది. నీళ్లతో వచ్చే పచ్చకామెర్ల వైరస్‌లు, హెపటైటిస్ ఎ, ఇ, వేరే జాతి. మలంలో వచ్చేవాటికి ఆ పొర ఉండదు, శానిటైజర్‌కి అంత తేలిగ్గా లొంగవు. చల్లటి నీళ్లలో ఎ రకం నెలల తరబడి ఉంటుంది. నూతికి మించిన చల్లటి చోటేది? (నీ రాగిచెంబు తియ్యకు, ఆ 4 గంటలు కరోనావి.)

అందుకే గెడలొదిలి నూతిలో బ్లీచింగ్ పొడి వెయ్యి, అదీ కొలిచి. నుయ్యి అడ్డం 2 మీటర్లు, నీళ్ల లోతు 4 అనుకో. 0.785×అడ్డం×అడ్డం×లోతు, 0.785×2×2×4, అంటే 12.56 ఘనపు మీటర్లు, 12,560 లీటర్లు. వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల బ్లీచింగ్ పొడి, మొత్తం 31 గ్రాములు పైచిలుకు. కిరాణా కాటా మీద తూయించు, మళ్లీ లోటా లెక్క మొదలెట్టకు, ఆ పెళ్లి పాయసం ఒక్కటి చాలు! బకెట్లో ముద్దగా కలిపి, ముప్పావు దాకా నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగు. సున్నం దిగాక తేట వేరే బకెట్లోకి వంచు, అడుగుది పారెయ్. అది నూతిలో పడితే నీళ్లు కఠినమై పప్పు ఉడకలేదని మీ ఆవిడ నిన్నే అంటుంది. తేట బకెట్ని తాడుతో నీళ్లలోకి దింపి, జోరుగా పైకీ కిందకీ ఆడించు. గంటసేపు ఎవరూ తోడకూడదు, అందుకే రాత్రి వెయ్యడం మేలు.

గంటయ్యాక లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, క్లోరోస్కోప్ (క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపెక్కే పరీక్ష పెట్టె) ఉంటే ఊరి నర్సు ఏఎన్ఎమ్‌ని అడుగు. పసుపు రాలేదా, నీళ్లలో బురద క్లోరిన్ని తినేసినట్టు, లేదా పొడి చచ్చినట్టు. మంచి పొడిలో 33 శాతం క్లోరిన్, మూత విప్పి తేమలో పెడితే ఎగిరిపోతుంది. పక్క మురుక్కాలవ పగులు పూడ్చకపోతే ఇదంతా వృథా.

మర్నాడు కొత్తగా ఇద్దరికి కళ్లు పచ్చబడితే జనం పొడినే తిడతారు. పట్టించుకోకు. తాగాక ఎ బయటపడ్డానికి 14 నుంచి 28 రోజులు, ఇ అయితే 2 నుంచి 10 వారాలు. ఇవాళ్టి కామెర్లు ఎప్పటి నీళ్లవో! 1955-56లో ఢిల్లీలో యమున నీళ్లకి క్లోరిన్ పెంచినా సుమారు 29,000 మందికి వచ్చింది, తర్వాత తేలింది అది ఇ అని. అందుకే కాచడం మానొద్దు, తెర్లిన తర్వాత ఒక నిమిషం. నెలలు నిండుతున్న మీ చెల్లికి ఇ సోకితే ప్రాణాల మీదకొస్తుంది, ఆవిడకి కాచినవే ఇవ్వండి, పళ్లు తోముకోడానికి కూడా. ఇంకా గిన్నెల సంగతి రాయాలి, కానీ గుణుపురం బస్సు హారన్ కొడుతోంది, మీ అబ్బాయి చేతిలో పెట్టే

నీ బాబ్జీ