ఆ రాత్రి ఫోన్‌లో మాట్లాడినావిడకు కృతజ్ఞతలు

ఆసుపత్రి నుంచి నిన్ననే ఇంటికి చేరాము. తలనొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు, నిద్ర సరిగా పట్టడం లేదు. అయినా ఈ మాటలు చెప్పడానికి ఇక ఆలస్యం చేయకూడదని రాస్తున్నాను.

అర్ధరాత్రి దాటాక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం మోగినప్పుడు తెరమీద 162 అనే అంకె కనబడుతున్నది గాని, అది దేని కొలతో, ఆ మోత బ్యాటరీ అయిపోయినందుకో ప్రాణాపాయానికో మాలో ఎవరికీ తెలియలేదు. అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తినావిడ నా కంగారుకు విసుక్కోకుండా, "ఫోన్ అలారం దగ్గర పెట్టమ్మా, నేను వింటాను" అన్నారు. విన్నారు. "నాలుగు కూతలు, కాస్త విరామం, మళ్లీ నాలుగు. ఇది బ్యాటరీ కాదు తల్లీ, విషవాయువే. ఏమీ సర్దుకోవద్దు, అందరినీ లేపి బయటికి నడువు" అన్నారు. బయటికి వచ్చాక ఒక్కొక్కరి పేరూ అడిగి, మా చిన్నవాడి గొంతు తన చెవులతో వినేదాకా ఊరుకోలేదు. వాడు "ఆ" అనగానే ఆవిడ "హమ్మయ్య" అన్న తీరుకు, అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఇక ఆగలేదు. అమ్మా, మీ పేరైనా అడగలేకపోయాను. మీకు జన్మంతా రుణపడి ఉంటాను.

మావారికీ, అన్నయ్యా వదినలకూ వేరే చెప్పనక్కరలేదు.

ఒక బాధ మాత్రం చెప్పక తప్పదు. తెరమీది ఆ అంకె గాలిలో పదిలక్షల వంతులకు ఎన్ని వంతుల వాయువు ఉందో చెబుతుందనీ, మా అలారం వెనుక ముద్రించి ఉన్న యూఎల్ 2034 అనే అమెరికా భద్రతా ప్రమాణం ప్రకారం 70 దగ్గర అది మోగడానికి ఒకటి నుంచి నాలుగు గంటలు, 150 దగ్గర 10 నుంచి 50 నిమిషాలు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాలు పడుతుందనీ, అప్పుడప్పుడు వచ్చే పొట్టి కూత బ్యాటరీ గురించో, పరికరం పాడైనందుకో, దాని ఆయుష్షు తీరినందుకో అనీ ఇప్పుడు తెలుసుకున్నాను. చాలా పరికరాల తెర 30 లోపు వాయువును సున్నాగానే చూపుతుందట! ఇంత ముఖ్యమైన సంగతిని నువ్వుగింజంత అక్షరాలతో మడతకాగితంలో దాచడం ఏం న్యాయం? ఏ కూతకు ఏ అర్థమో ఆ అలారం ముఖం మీదనే, నిద్రమత్తులోనూ చదవగలిగేలా ముద్రించాలి. బిగించడానికి వచ్చినవారు రెండు నిమిషాలు నిలబడి చెప్పి వెళ్లాలి.

మరచిపోయాను, మన్నించాలి: అలారం బొత్తాం నొక్కి, అది నమోదు చేసుకున్న గరిష్ఠ అంకెను కాగితం మీద రాసి వైద్యులకు చూపమని ఇచ్చిన అగ్నిమాపక సోదరుడికీ, వేలికి తగిలించే పరికరం ఈ వాయువు పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపుతుంది కాబట్టి రక్తపరీక్ష తప్పదని ఓపికగా వివరించిన నర్సు గారికీ, ఆ చలిలో మా అందరికీ దుప్పట్లు తెచ్చిచ్చిన ఎదురింటి పెద్దాయనకూ నమస్కారాలు. పెద్దాయనా, దుప్పట్లు ఉతికి రేపు తెచ్చిస్తాము.