చూడ్డానికేమీ లేదన్న లోయ గురించి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం సంచికలో సైలెంట్ వ్యాలీకి వెళ్లొచ్చిన ఒక పాఠకుడి ఉత్తరం వేశారు. అంతదూరం కేరళ వెళ్లి, పొద్దున్నే జీపెక్కి అడవిలో తిరిగితే, ఒక వాచ్ టవర్, ఒక వేలాడే వంతెన తప్ప చూడ్డానికేమీ లేదని ఆయన రాశారు. ఏనుగు మాట అటుంచి కోతి కూడా కనపడలేదట. ఫోన్‌కి సిగ్నల్ లేదట. లోపల నాలుగు రిసార్టులు, ఒక రోప్‌వే పెడితే మున్నార్‌కి దీటుగా తయారవుతుందని సలహా కూడా ఇచ్చారు. ఆయన నిరాశతో నాకు తగువు లేదు. సలహాతోనే ఉంది.

నేను విద్యుత్ శాఖలో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం సీలేరు లోయలోని జల విద్యుత్ కేంద్రాల్లోనే గడిచింది. మా పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఆ జీతంతోనే అయ్యాయి. డ్యామ్ పేరెత్తితే మండిపడే బాపతు కాదు నేను. అందుకే ఆ లోయలో సైరంధ్రి అనే చోట వాచ్ టవర్ ఎక్కాక, కింద రెండు కొండల మధ్య ఇరుకు చూపించి "డ్యామ్ కడదామనుకున్నది ఇక్కడే సార్" అని గైడు చెప్పగానే నా బుర్ర దాని పని అది మొదలుపెట్టేసింది. గోడ ఎక్కడ లేస్తుంది, నీళ్లు ఎందాకా నిలుస్తాయి, హెడ్ (నీళ్లు కిందకి పడే ఎత్తు) ఎంత వస్తుంది. నిజం చెప్పాలంటే, కాగితం మీద అంతకన్నా మంచి సైటు దొరకదు. బ్రిటిష్ వాళ్ల కాలంలోనే, 1928లోనే, ఆ చోటు మీద కన్నుపడిందంటే ఆశ్చర్యం లేదు. "ఇక్కడికొచ్చి కూడా మెగావాట్లేనా" అంది మా ఆవిడ.

మెగావాట్ల సంగతే చెప్తాను. 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకున్న ఆ ప్రాజెక్టు సామర్థ్యం 120 మెగావాట్లు. మన దిగువ సీలేరులో ఒక్క యూనిట్టే 115 మెగావాట్లు. అంటే మా దగ్గర ఒక మిషన్ తిరిగితే వచ్చేదానికి కాస్త ఎక్కువ. దానికోసం అక్కడ 830 హెక్టార్ల వాన అడవి నీళ్ల పాలయ్యేది. ఆ లెక్క అప్పట్లో జనం ముందు పెట్టింది మా ఇంజినీర్లు కాదు. బడి మాస్టర్లు, కాలేజీ లెక్చరర్లు, సైన్సును జనంలోకి తీసుకెళ్లే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ వాళ్లు. తర్వాత మలయాళ కవయిత్రి సుగతకుమారి లాంటి రచయితలు కలిశారు. పక్షుల శాస్త్రవేత్త సాలిం అలీ వద్దన్నారు. చివరికి కేంద్రం శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన కమిటీ వేసి, ఇందిరా గాంధీ హయాంలో ప్రాజెక్టు మానుకుంది. 1984 నవంబరులో నేషనల్ పార్కుగా ప్రకటించారు, 1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ ప్రారంభించారు. "ఏమీ లేదు" అని ఆ పాఠకుడు రాసిన చోట ఇంత జరిగింది.

ఇంక నది. సైరంధ్రి నుంచి ఒకటిన్నర కిలోమీటరు దిగితే కుంతి నది వస్తుంది. (విరాటపర్వం చదివినవాళ్లకి ఈ పేర్లు చూస్తే ముచ్చటేస్తుంది. పాండవులు ఇటు వచ్చారని అక్కడివాళ్లూ చెప్పుకుంటారు.) మేము వెళ్లింది జూన్‌లో, వానలు పట్టుకున్నాక. రాత్రంతా కురిసింది. వంతెన దగ్గర నీళ్లు ఎర్రగా, బురదగా ఉంటాయనుకున్నాను. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. రాయి మీద కూర్చుని దోసిట్లోకి నీళ్లు తీసుకుని చూస్తే చేతిగీతలు కనపడ్డాయి, ఒక్క రేణువు మన్ను లేదు. డ్యామ్‌ల మీద బతికినవాడికి ఈ దృశ్యం ఏమిటో చెప్పనివ్వండి. మాకు పగలూ రాత్రీ పీడ పూడిక. పైన కొండల మీద చెట్లు పోతే తొలకరికే మట్టంతా రిజర్వాయర్‌లోకి దిగుతుంది, ఏటేటా నీళ్లు నిలిచే జాగా తగ్గిపోతుంది. మన శ్రీశైలం, సాగర్ కథ అందరికీ తెలిసిందే. ఇక్కడ పైన ఊరు లేదు, దున్నిన చేను లేదు, కొట్టేసిన కొండ లేదు. రాత్రంతా పడ్డ వానని అడవి పట్టుకుని, వడకట్టి, తాపీగా వదులుతోంది. చూడ్డానికి ఏమీ లేదంటే ఎలా? నేను అక్కడ చూసినంత వింత శ్రీశైలం గేట్లెత్తినప్పుడు కూడా చూడలేదు.

కోతి విషయానికొద్దాం. ఆ పాఠకుడు వెతికింది బహుశా సింహం తోక కోతి. నల్లటి ఒళ్లు, మొహం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర కుచ్చు. పడమటి కనుమల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా అడవిలో ఉండదు. వెళ్లేటప్పుడు మాకూ రోడ్డు మీద ఏదీ కనపడలేదు. మా జీపులో ఒకాయన ఫోన్‌లో పాటలు పెట్టుకుని, గైడు రెండుసార్లు చెప్పేదాకా ఆపలేదు, అదొక కారణం. తిరిగొచ్చేటప్పుడు ఒక మలుపులో డ్రైవరు ఉన్నట్టుండి ఇంజన్ ఆపేశాడు. రోడ్డు నిండా ముళ్ల తొక్కలు రాలి ఉన్నాయి. అది వెడిప్లావు కాయట, ఈ కోతులకు ముఖ్యమైన తిండి. మేము తలెత్తేలోపు ఇంకో తొక్క వచ్చి బోనెట్ మీద ఠప్పున పడింది. చాలాసేపు చూస్తే, చాలా పైన, ఆకుల మధ్య ఒక నల్లటి చెయ్యి. ముళ్లు గుచ్చుకోకుండా కాయని తిప్పి తిప్పి, పళ్లతో ఒక పక్క చీల్చి, గింజ బుగ్గలో దాచుకుని, తొక్క కిందకి వదిలేస్తోంది. మొహం ఒక్క క్షణం కనిపించింది. అంతే.

ఇదే కోతి తమిళనాడులోని వాల్పారైలో ఇళ్ల పైకప్పుల మీద తిరుగుతుంది, వంటిళ్లలో దూరుతుంది, రోడ్డు దాటబోయి బండ్ల కింద పడుతుంది. టీ తోటల కోసం అడవిని ముక్కలు చేశారు కాబట్టి చెట్టు మీంచి చెట్టు మీదకి వెళ్లే దారి లేక కిందకి దిగింది. ఇప్పుడు రోడ్డుకి అడ్డంగా పైన తాళ్ల వంతెనలు కట్టాల్సివచ్చింది. సైలెంట్ వ్యాలీలో కోతి మనకి కనపడలేదంటే దానికి కిందకి దిగే అవసరం ఇంకా రాలేదని అర్థం. రోప్‌వే స్తంభాల కోసం, రిసార్టు రోడ్డు కోసం చెట్లు కొట్టండి, ఎంచక్కా కనిపిస్తుంది. చిప్స్ ప్యాకెట్లు కూడా లాక్కుంటుంది.

సైలెంట్ వ్యాలీకి వెళ్లేవాళ్లు తమ బండ్లు గేటున్న ముక్కాలి ఊళ్లోనే ఆపేయాలి. అక్కడి నుంచి ఇరవై మూడు కిలోమీటర్లు అనుమతి ఉన్న వాహనంలోనే, గైడుతోనే వెళ్లాలి, చెప్పిన టైముకి వెనక్కి రావాలి. దీన్ని ఆయన ఇబ్బంది అన్నారు. మోకాళ్ల నొప్పులున్న నాకూ ఆ గతుకుల రోడ్డు ఇబ్బందే, కాదనను. కానీ ఆ గేటు తీసేస్తే మనం చూడ్డానికి వెళ్లిన లోయ ఉండదు. మున్నార్ కావాలనుకునేవాళ్లకి మున్నార్ ఉండనే ఉంది.

మీకూ ఒక విన్నపం. మీ టూరిజం పేజీలో "ఎవరికీ తెలియని లోయ", "దాగి ఉన్న స్వర్గం" అంటూ వారానికొకటి వేస్తున్నారు. సైలెంట్ వ్యాలీకి కనీసం గేటుంది, అడిగేవాళ్లున్నారు. మీరు రాసే మిగతా లోయలు చాలావాటికి అదీ లేదు. ఎలా వెళ్లాలో మ్యాప్‌తో సహా వేస్తారు, అక్కడ ఏం చేయకూడదో మాత్రం వేయరు. అనుమతి ఎవరిని అడగాలి, చెత్త ఎక్కడికి తీసుకుపోవాలి, బండి ఎక్కడ ఆపాలి అన్న సంగతులు పైన వేసి ఫోటోలు తర్వాత వేయండి. ఆ వివరాలు మీకే దొరకకపోతే ఆ లోయని ఆ వారానికి వదిలేయండి.

సైలెంట్ వ్యాలీకి వెళ్లదలచినవాళ్లకి మరో మాట. ముందే బుక్ చేసుకోండి. సెలవు రోజులు కాకుండా చూసుకోండి. జీపు ఆగినప్పుడల్లా ఇంజన్ కూడా ఆపమని అడగండి, వాళ్లు సంతోషంగా ఆపుతారు. వానాకాలంలో వెళ్తే పొడవు మేజోళ్లు వేసుకోండి, జలగలు ఖాయం. మా ఆవిడకి మూడు పట్టాయి, నాకు ఒక్కటీ పట్టలేదు. దాని మీద ఇంట్లో వచ్చిన వ్యాఖ్య పత్రికకు రాసేది కాదు.

ఇట్లు,
విద్యుత్ శాఖ విశ్రాంత ఇంజినీరు, మీ పాఠకుడు