ఆ నిదానంలోనే కథ ఉంది: ‘బెటర్ కాల్ సాల్’ను మీ యాప్‌లో చూపిస్తున్న తీరుపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారులకు,

విషయం: ‘బెటర్ కాల్ సాల్’ ఎపిసోడ్ల చివర కోత పడటం, వేగం పెంచి చూడమన్న సలహా, కథ బయటపెట్టే పోస్టర్, స్పానిష్ మాటలకు సబ్‌టైటిల్స్ రాకపోవడం గురించి.

అయ్యా,

నేను మీ సంస్థకు ఏడాది చందా కట్టిన ప్రేక్షకుణ్ణి. రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడా నేనూ రోజుకో ఎపిసోడ్ చొప్పున ‘బెటర్ కాల్ సాల్’ చూస్తున్నాం. నేను ఇదివరకే మొత్తం చూశాను, ఆమెకు ఇదే మొదటిసారి. ఎపిసోడ్ పూర్తికాకముందే బొమ్మ ఒక మూలకు ముడుచుకుపోయి తర్వాతి ఎపిసోడ్ మొదలైపోతోందని మీ చాట్‌లో ఫిర్యాదు చేశాను. సీరియల్ నిదానంగా అనిపిస్తే ఒకటిన్నర రెట్ల వేగంతో చూడొచ్చని, లేదంటే మొదటి మూడు సీజన్లకు రీక్యాప్ వీడియో ఉందని, అది చూసి నేరుగా నాలుగో సీజన్‌కు వెళ్లొచ్చని మీ ప్రతినిధి జవాబిచ్చారు. నిదానంగా ఉందని నేను అనలేదు. నేనడిగిందేమిటి, మీరు చెప్పిందేమిటి? ఈ సీరియల్ ఎలా నడుస్తుందో మీ దగ్గర ఎవరూ పట్టించుకోవడం లేదనిపించి ఇంత వివరంగా రాస్తున్నాను.

‘బెటర్ కాల్ సాల్’ పాత సీరియల్ ‘బ్రేకింగ్ బ్యాడ్’కు ప్రీక్వెల్, అంటే దానికి ముందు జరిగిన కథ. ప్రీక్వెల్ అన్నాక చివరికి ఏమవుతుందో చూసేవాళ్లకు ముందే తెలుసు. 2008 నుంచి 2013 దాకా వచ్చిన ‘బ్రేకింగ్ బ్యాడ్’ చూసినవాళ్లకు సాల్ గుడ్‌మన్ అనే లాయరు తెలుసు, డబ్బుకు పనులు చేసిపెట్టే మాజీ పోలీసు మైక్ తెలుసు, డ్రగ్స్ వ్యాపారి గస్ ఫ్రింగ్ తెలుసు. ‘బెటర్ కాల్ సాల్’ కథ 2002లో మొదలవుతుంది కాబట్టి అప్పటికి ఈ ముగ్గురి ప్రాణాలకూ ఢోకా లేదనీ తెలుసు. వాళ్లమీద తుపాకీ గురిపెట్టినంత మాత్రాన టెన్షన్ పుట్టదు. మరి దీన్ని సృష్టించిన విన్స్ గిల్లిగన్, పీటర్ గౌల్డ్ 2015 నుంచి 2022 వరకు 6 సీజన్లు, 63 ఎపిసోడ్లు దేంతో నడిపారు? కోర్టు వరండాల్లో కేసుల కోసం తిరిగే, తర్వాత సాల్ గుడ్‌మన్‌గా మారే జిమ్మీ మెక్‌గిల్ అనే చిన్న లాయరు ఎక్కడెక్కడ జారాడో, ప్రతిసారీ ఎందుకు జారాడో చూపించి నడిపారు. ఇకమీద సొంత పేరుతో ప్రాక్టీసు చేయనని జిమ్మీ తేల్చి చెప్పేది నాలుగో సీజన్ ఆఖరి నిమిషాల్లో. ఆ మాట దాకా అతన్ని నడిపించిన దారి చాలావరకు మీరు వదిలేయమన్న మూడు సీజన్లలోనే ఉంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. మొదటి సీజన్‌లో జిమ్మీ అన్న చక్ ఇంట్లో కరెంటు ఉండదు. కరెంటు వస్తువు దగ్గరికొస్తే ఒళ్లు మండిపోతుందని చక్ నమ్మకం. అందుకని జిమ్మీ వెళ్లినప్పుడల్లా జేబులోంచి ఫోన్ తీసి, గుమ్మం బయట ఉత్తరాల డబ్బాలో పెట్టి, అప్పుడు లోపలికి వెళ్తాడు. అన్నకు కావలసిన సరుకులు, ఐసు, పేపర్లు తనే మోసుకొస్తాడు. ఈ తంతు మళ్లీ మళ్లీ చూపిస్తారు. తొందరలో ఉన్నవాళ్లకు ‘ఇదంతా దేనికి’ అనిపించొచ్చు. తొమ్మిదో ఎపిసోడ్‌లో జిమ్మీ తన ఫోన్ బ్యాటరీ ఎందుకు అయిపోయిందా అని ఆలోచిస్తాడు. రాత్రిపూట చక్కే బయటికొచ్చి, ఆ డబ్బాలోని ఫోన్ తీసుకుని, తమ్ముణ్ణి తమ లా ఫర్మ్‌లోకి రానివ్వొద్దని చెప్పడానికి ఆ ఫర్మ్‌లో తన భాగస్వామి హోవార్డ్ హామ్లిన్‌కు కాల్ చేశాడని అప్పుడు బయటపడుతుంది. అప్పటిదాకా హోవార్డే దుర్మార్గుడనుకుంటాం. అన్నకోసం తమ్ముడు పాటించిన మర్యాదే అన్న చేతికి ఆయుధమైంది. ఆ డబ్బా దగ్గర జిమ్మీ ఆగడం మనం అన్నిసార్లు చూడకపోతే, ఈ నిజం బయటపడ్డప్పుడు ఏమీ అనిపించదు. మీ రీక్యాప్‌లో ఇది ‘జిమ్మీని అన్న మోసం చేస్తాడు’ అన్న ఒక్క ముక్కలో అయిపోయింది. మూడో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో జిమ్మీ లాయరు లైసెన్సు మీద విచారణ జరుగుతుంటే చక్ జేబులో గంటా 43 నిమిషాలుగా ఒక ఫోన్ బ్యాటరీ ఉందని, అయినా అతనికి ఏమీ కాలేదని జిమ్మీ బయటపెడతాడు. ఆ సీన్‌కు మా ఆవిడ సోఫాలోంచి లేచి నిలబడింది. రీక్యాప్ చూసి వచ్చినవాళ్లకు అది ఒక తెలివైన లాయరు వేసిన ఎత్తులా మాత్రమే కనిపిస్తుంది. ఒక తమ్ముడు అన్నను నలుగురిలో విరిచేయడం కనిపించదు.

వేగం పెంచడం గురించి కూడా చెప్పాలి. మూడో సీజన్ మొదట్లో మైక్ తనను ఎవరో వెంటాడుతున్నారని గ్రహించి, కారును పాత సామాన్ల యార్డుకు తీసుకెళ్లి ముక్కలు ముక్కలుగా విప్పుతాడు. సీట్లు తీస్తాడు, లైనింగ్ కోస్తాడు, ఏమీ దొరకదు. పక్కన అమ్మకానికి వేలాడదీసిన పెట్రోలు ట్యాంకు మూతలు చూసేసరికి వెలుగుతుంది, ట్రాకర్ ఆ మూతలో ఉందని. అదే రకం ఇంకొకటి సంపాదించి, అది ఎలా పనిచేస్తుందో నేర్చుకుని, కారులో దొరికిన ట్రాకర్ బ్యాటరీని రేడియోకు తగిలించి ఖాళీ చేసి, బ్యాటరీ మార్చడానికి ఎవరొస్తారా అని రాత్రంతా కిటికీ దగ్గర కూర్చుంటాడు. మాటలు లేనట్టే లెక్క. దాన్ని ఒకటిన్నర రెట్లతో చూస్తే ఏం మిగులుతుంది? తర్వాతి రోజుల్లో గస్ ఫ్రింగ్ ఈ ముసలాయన మీద ఎందుకంత నమ్మకం పెట్టుకున్నాడో మాటల్లో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ ఓపిక చూస్తే తెలిసిపోతుంది. ఓపికను చూపించే సీన్‌ను తొందరగా తిప్పమంటే ఎలాగండీ?

ఈ సీరియల్ తీసినవాళ్లకు వేగం చేతకాక కాదు. నాలుగో సీజన్ ఏడో ఎపిసోడ్ మొదట్లో తెరను రెండుగా చీల్చి, ఒకవైపు జిమ్మీని, ఒకవైపు అతనితో కలిసి ఉంటున్న లాయరు కిమ్ వెక్స్‌లర్‌ను చూపిస్తూ ఒక్క పాటలో నెలలు గడిపేస్తారు. ఒకే ఇల్లు, ఒకే మంచం, పళ్లు తోముకునేదీ పక్కపక్కనే. కిమ్ చేతికి కట్టు ఉంటుంది, తర్వాత ఊడిపోతుంది, ఈలోగా ఇద్దరి మధ్య దూరం పెరిగిపోయి ఉంటుంది. ఎక్కడ పరుగెత్తాలో, ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లు తీసిన సీరియల్ ఇది. డైలీ సీరియళ్లలో ఒకే ముఖాన్ని మూడుసార్లు జూమ్ చేసే సాగదీత మాకు తెలియనిదేం కాదు, ఆ తేడా మేం పోల్చుకోగలం. ఆ మాటకొస్తే నాలుగో సీజన్‌లోనే గస్ కోసం లాండ్రీ కింద డ్రగ్స్ ల్యాబ్ తవ్వే జర్మన్ పనివాళ్ల కథ నాకూ కాస్త సాగినట్టే అనిపించింది. అలా అనుకోవాల్సింది చూసేవాళ్లు, యాప్ కాదు.

ఎపిసోడ్ చివర కోత వల్ల జరిగిన నష్టం చూడండి. రెండో సీజన్ ఆఖర్లో, తను చేసిన నేరం జిమ్మీ అన్న దగ్గర ఒప్పుకుని వెళ్లిపోతాడు. అతను వెళ్లాక చక్ దాచిపెట్టిన టేప్ రికార్డర్ బయటికి తీసి బటన్ నొక్కుతాడు. సీజన్ మొత్తానికి అదే ఆఖరి దెబ్బ. సరిగ్గా ఆ సమయంలో మీ కౌంట్‌డౌన్ వచ్చి బొమ్మను మూలకు నెట్టేసింది. “ఏంటది, ఏం నొక్కాడు?” అని మా ఆవిడ అడిగింది. నేను వెనక్కి తిప్పి చూపించాను. చూపించినా మొదటిసారి తగలాల్సిన దెబ్బ తగల్లేదు. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే రాకూడదని సెట్టింగ్స్‌లో ఆపేశాను, అయినా బొమ్మ చిన్నదవడం ఆగలేదు.

పోస్టర్ సంగతి నన్ను ఇంకా బాధపెట్టింది. సాల్ మొదటిసారి కనిపించింది 2009లో, ‘బ్రేకింగ్ బ్యాడ్’ రెండో సీజన్‌లో. ఆ ఎపిసోడ్‌లో ఎడారిలో ప్రాణభయంతో ఇగ్నాసియో, లాలో అని రెండు పేర్లు అరుస్తాడు. ఆ రెండు పేర్లకూ ఈ ప్రీక్వెల్‌లో ప్రాణం పోశారు. కిమ్‌కైతే ఆ పేరు కూడా లేదు, పాత సీరియల్‌లో ఆమె మాటే రాదు. అందుకే కిమ్ ఏమవుతుందన్నదే మొదటి నుంచీ చూసేవాళ్లను పట్టి లాగే ప్రశ్న. కిమ్‌గా రియా సీహార్న్ నటన చూస్తున్నకొద్దీ ఆ భయం పెరుగుతూ పోతుంది. మా ఆవిడ మూడో సీజన్‌లో ఉండగా ఆమె ప్రొఫైల్‌లో మీరు పెట్టిన పోస్టర్ ఆఖరి సీజన్‌లోది, అదీ కిమ్‌ది. అందులో ఏముందో ఇక్కడ రాయను. ఈ ఉత్తరం చదివే మీ ఉద్యోగి సీరియల్ ఇంకా చూసి ఉండకపోవచ్చు.

ఇక సబ్‌టైటిల్స్. మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్ మెక్సికోలో, డ్రగ్స్ ముఠా నాయకుడు డాన్ ఎలాడియో ఇంట్లో ఈత కొలను పక్కన మొదలవుతుంది. అక్కడ గస్ పంపిన డబ్బు కట్టల ముందు, అదే ముఠాలో గస్‌కు ప్రత్యర్థి అయిన హెక్టర్ తెచ్చింది చిన్నబోతుంది. హెక్టర్ కడుపుమంట ఎక్కడిదో ఆ సీన్‌లో తెలుస్తుంది. మాటలన్నీ స్పానిష్. మీ సబ్‌టైటిల్‌లో ‘స్పానిష్‌లో మాట్లాడుతున్నారు’ అని మాత్రం పడింది. చాలాసేపు అదే. నేను పక్కన కూర్చుని గుర్తున్నంతవరకు చెప్పాల్సి వచ్చింది.

మీరు చేయాల్సినవి పెద్ద పనులేం కావు. బొమ్మ చిన్నది చేసే సమయాన్ని ఈ సీరియల్‌లో ప్రతి ఎపిసోడ్‌కూ చూసుకుని, పేర్లు పడటం మొదలయ్యాకే ఉండేలా మార్చండి. సెట్టింగ్స్‌లో ఆపేసినవాళ్లకు అసలు రాకుండా చేయండి. ప్రేక్షకుడు ఏ సీజన్‌లో ఉంటే ఆ సీజన్ పోస్టరే చూపించండి. స్పానిష్ సీన్లకు సబ్‌టైటిల్స్ పెట్టండి. సీజన్లు దాటేసి చూడమని సలహా ఇవ్వొద్దని మీ చాట్ సిబ్బందికి చెప్పండి. అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీలకు 53 నామినేషన్లు వచ్చినా ఒక్క అవార్డూ ఇంటికి తీసుకెళ్లని సీరియల్ ఇది. కనీసం దాన్ని చూపించే చోటైనా తీసినవాళ్లు తీసినట్టు చూపించాలని అడుగుతున్నాను.

చాట్‌లో జరిగిన సంభాషణ, పోస్టర్, సబ్‌టైటిల్ స్క్రీన్‌షాట్లు ఈ లేఖతో జతచేశాను. ముందే రాసిపెట్టుకున్న జవాబు కాకుండా, వీటిలో ఏది ఎప్పటికి సరిచేస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి. మేం ఇప్పుడు మూడో సీజన్ చివర్లో ఉన్నాం. మిగతా మూడు సీజన్లు మీ జవాబు వచ్చేదాకా ఆపి ఉంచుతాం.

ఇట్లు,
మీ చందాదారుడు,
విజయవాడ