రారా ఎక్కడ?

అయ్యా,

కడపలో మేం వెళ్లే గ్రంథాలయంలో ఈమధ్య కంప్యూటర్ కేటలాగ్ పెట్టారు. సంతోషమే. కానీ విమర్శకుడు రారా (రాచమల్లు రామచంద్రారెడ్డి) కోసం 'రాచమల్లు' అని కొడితే రెండే పుస్తకాలొచ్చాయి. 'రామచంద్రారెడ్డి ఆర్.' కింద ఇంకొకటి, 'రారా' కింద మరొకటి. ఈ ముగ్గురూ ఒక్కరేనని యంత్రానికెలా తెలుస్తుంది? కవి పుట్టపర్తి నారాయణాచార్యుల కోసం 'పుట్టపర్తి' అని వెతికితే సాయిబాబా పుస్తకాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి!

ఇంటిపేరు మనకు ముందుంటుంది, ఇంగ్లీషువాళ్లకు చివర. చిక్కంతా అక్కడే. పాత కార్డుల పెట్టెలో 'రారా: రాచమల్లు రామచంద్రారెడ్డి చూడుము' అని రాసిపెట్టేవారు. ఇప్పుడూ అదే కావాలి. రచయిత పేరుకు ఒకే ప్రామాణిక రూపం, పక్కన పుట్టిన ఏడు (పుట్టపర్తివారికి 1914), కలంపేర్లు, ఇంగ్లీషు స్పెల్లింగులు అన్నీ దానికే ముడిపెట్టాలి. ఎంట్రీ చేసిన పిల్లల్ని ఏమీ అనను, వాళ్లకెవరూ చెప్పలేదు.

– ఒక పాఠకుడు, కడప