మా చెరువుని మ్యాపులో పూడ్చేశారు: జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, ఉదయగిరి పక్క పల్లె నుంచి నమస్కారం సార్.

పోయినేడు నవంబర్ వానలకి మా ఊరికాడ కొత్త రోడ్డు కోసుకుపోయింది. కల్వర్టు మాత్రం చెక్కుచెదరలా, నీళ్లు అసలు దాని కిందికొస్తేగా! చెరువు నిండి కలుజు (మిగులు నీళ్లు పొర్లే గట్టు) దూకిన నీళ్లు ఎప్పట్లాగే చింతతోపు పక్కన పారినయ్, కల్వర్టేమో అక్కడికి ఫర్లాంగు దూరంలో కట్టారు. అడిగితే 'కంప్యూటర్లో వాగు అక్కడే చూపించింది' అన్నారు.

నేను సివిల్ చదివినోణ్ణి, ఇస్రో వాళ్ల భువన్ సైట్లో ఊరికే దొరికే కార్టోడెమ్, అంటే ఉపగ్రహం నుంచి తీసిన నేల ఎత్తుల పటం, దించుకుని వాగు దారి నేనూ గీసి చూశా. అందులో 30 మీటర్ల గడికి ఒకటే ఎత్తు, చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో ఏది ఎక్కువ వాలుగా ఉంటే నీళ్లు దాంట్లోకి పోతాయని లెక్క, అట్టా వెయ్యి గడులు, అంటే 90 హెక్టార్ల నీళ్లు ఒకచోటికి చేరితే అక్కడ వాగు గీత మొదలుపెట్టా. కొండ మీద బాగానే కుదిరింది. చెరువు కాడికొచ్చేసరికే తంటా. కట్ట పైన మూడు మీటర్లు కూడా ఉండదు, అంత పెద్ద గడిలో కలిసిపోద్ది, పైగా నీళ్లు మధ్యలో ఆగకుండా ముందుగా గుంటలన్నీ పూడ్చే బటన్ ఒకటుంది, అది నొక్కగానే మా తాతల నాటి చెరువు చదునైపోయింది సార్, గీత కట్టని దాటుకుని సూటిగా ఆ కల్వర్టు కాడికే పోయింది.

సాఫ్ట్‌వేర్‌ని ఏమనను. వాన పడితే ఎంత నీళ్లు పారతాయో లెక్కేసే హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్‌లో చెరువుని రిజర్వాయర్‌గా పెట్టుకోవచ్చు, చెరువు ఎంత పట్టుద్దో, కలుజు ఎత్తు, పొడవు ఎంతో ఇస్తే చాలు. మావి గొలుసుకట్టు చెరువులు, పైది దూకితేనే కిందిదానికి నీళ్లు, ఒకటి వదిలేస్తే కింద లెక్కంతా తప్పే. సోమశిల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారో టీవీలో చెప్తారు, మా వాగుకి నీళ్లు కొలిచే గేజీ ఎవరు పెడతారు? మాకున్నది ఈ మోడలే.

రోడ్డు మీ శాఖది కాదని తెలుసు, చెరువు లెక్కలు మాత్రం మీ దగ్గరే కదా. చెరువుల మెమాయిర్లు (ఒక్కో చెరువు వివరాల రికార్డులు), సప్లయ్ చానళ్ల గీతలు ఆన్‌లైన్లో పెట్టించండి, ఆ గీతల వెంబడి ఆ ఎత్తుల పటాన్ని కాస్త లోతుగా చెక్కితే నీళ్లు దారి తప్పవు. డిజైన్ ఖాయం చేసేముందు ఇంజనీరు గారు మోడల్ గీత ఫోన్లో పెట్టుకుని, మా తూము చూసుకునే ముసలాయనతో ఒక్క పూట వాగెంబడి నడిస్తే ఇంకా మేలు. ఏ ఏడు నీళ్లు ఎందాకా వచ్చినయ్యో ఆయన చింతచెట్ల మొదళ్లు తట్టి చూపిస్తాడు.

మళ్లా అదే చోట కల్వర్టుకి ఎస్టిమేట్ వేస్తన్నారంట. ముందు మా కలుజు లెవెల్ కాయితం ఒకటి వాళ్లకి పంపించండి సార్.