సరుకుల క్యాష్‌బ్యాక్ లెక్క బిల్లులో ఎందుకుండదు?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో డబ్బు పేజీ వచ్చిన రోజు ఏ క్రెడిట్ కార్డు మీద దేనికెంత క్యాష్‌బ్యాక్ వస్తుందో పట్టిక వేస్తుంటారు. కిరాణాకి 5 శాతం, మిగతా వాటికి 1 శాతం, ఇలా. పట్టిక బాగానే ఉంటుంది. కానీ కిరాణా అంటే మనం కొన్న సరుకులని అందులో అనిపిస్తుంది. బ్యాంకు చూసేది సరుకులను కాదండీ, కొట్టుకి తగిలించిన ఒక నంబరుని. ఈ సంగతి నాకెలా తెలిసిందో రాస్తాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే ఆంధ్రాలో పాతపట్నం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది గానీ బజారు మాత్రం రెండు వైపులా కలిసే ఉంది. మా అత్తగారి కాలం నుంచీ నెల సరుకులు కొన్ని అక్కడా, కొన్ని ఇక్కడా కొంటాం. బియ్యం, కందిపప్పు, నూనె పాతపట్నం సూపర్ మార్కెట్‌లో. మినపగుళ్లు, చింతపండు, బెల్లం, సబ్బులు మా వీధి చివర పెద్ద కొట్లో. చేపలకీ కూరగాయలకీ నగదే.

విశాఖలో ఉద్యోగం చేసే మా అబ్బాయి తన కార్డు మీద నాకు యాడ్-ఆన్ కార్డు, అంటే తన ఖాతా కిందే నడిచే అదనపు కార్డు, తీయించాడు. “ఎలాగూ కొనే సరుకులే కదమ్మా, ఐదు శాతం వెనక్కొస్తుంటే ఎందుకు వదులుకోవడం” అన్నాడు. నిజమే. నాకు మొదటినుంచీ ఇంటి లెక్క రాసే అలవాటుంది కాబట్టి కార్డు గీసిన ప్రతిసారీ పుస్తకంలో తేదీ, కొట్టు, మొత్తం రాసి, పక్కన రావలసిన క్యాష్‌బ్యాక్ కూడా వేసేదాన్ని.

ఒక నెల బిల్లు ఇలా ఉంది. పాతపట్నంలో 3,840 రూపాయలు, మా వీధి కొట్లో 3,260, అబ్బాయి విశాఖలో కొన్నవి 1,900. ఐదు శాతం చొప్పున 192, 163, 95. అంతా కలిపి 450 రావాలి. స్టేట్‌మెంట్‌లో ఒకే ఒక్క లైను: క్యాష్‌బ్యాక్ 319. దేనికెంత ఇచ్చారో, దేనికి కోశారో ఎక్కడా లేదు. తగ్గింది 131. అటూ ఇటూ తిప్పి చూస్తే తేలింది. మా వీధి కొట్టుకి ఐదు కాదు, ఒకటే శాతం ఇచ్చారు. 32 రూపాయల 60 పైసల్లో పైసలు కూడా తీసేసి 32 వేశారు.

కొట్టు యజమానిని అడిగితే ఆయన తెల్లమొహం వేశాడు. “మిషన్ ఇచ్చినప్పుడు ఏం అమ్ముతావని అడిగారు, అన్నీ అమ్ముతానన్నానమ్మా” అన్నాడు. నిజమే, ఆయన దగ్గర పప్పూ ఉప్పూతో పాటు ప్లాస్టిక్ బకెట్లు, నోటు పుస్తకాలు, దీపావళికి టపాకాయలు కూడా ఉంటాయి. కార్డు మిషన్ ఇచ్చే బ్యాంకు ప్రతి కొట్టుకీ నాలుగంకెల వ్యాపార కోడ్ ఇస్తుంది. కిరాణా, సూపర్ మార్కెట్లకి 5411. డిపార్ట్‌మెంట్ స్టోర్లకి 5311. ఈయన కోడ్ కిరాణా కిందికి రాలేదన్నమాట. నేను కొన్నది కిలో మినపగుళ్లే అయినా బ్యాంకు లెక్కలో అది కిరాణా కాదు. ఆ కోడ్ రసీదు మీద ఉండదు, ఎస్సెమ్మెస్‌లో ఉండదు, స్టేట్‌మెంట్‌లో ఉండదు. మా క్యాష్‌బ్యాక్‌ని నిర్ణయించే అంకె మాకు తప్ప అందరికీ తెలుసు. కొట్టాయనకి కూడా తెలియదులెండి, అందులో ఆయనా నేనూ సమానమే.

దీనివల్ల నష్టం నా 131 రూపాయలతో ఆగదు. లెక్క తెలిసిన మనిషి ఏం చేస్తుంది? మినపగుళ్లు కూడా పాతపట్నంలోనే కొంటుంది. నేను అదే చేస్తున్నాను. ఎవరో ఎప్పుడో వేసిన కోడ్ వల్ల మా వీధి కొట్టుకి ఒక ఖాతా పోయింది. మిషన్ ఇచ్చిన బ్యాంకుకి రాసి కోడ్ మార్పించుకోమని ఆయనకి చెప్పాను. ప్రయత్నిస్తానన్నాడు.

తర్వాత రథయాత్ర నెల. ఇంటినిండా చుట్టాలు. నేనూ అబ్బాయీ కలిసి కిరాణా కోడ్ ఉన్న చోట్లే 14,000 దాకా ఖర్చు పెట్టాం. 700 వస్తుందనుకున్నాం, వచ్చింది 500. నెలకి 500 మించి ఇవ్వరట. అది ముందే చదివాను, ఒప్పుకుంటాను. కానీ నా యాడ్-ఆన్ కార్డుకి వేరే పరిమితి లేదనీ, అబ్బాయి అక్కడ పది నిమిషాల్లో వచ్చే సరుకులు తెప్పించుకుంటే ఇక్కడ నా వాటా తరుగుతుందనీ ఎవరూ చెప్పలేదు. పైగా నెలంటే ఒకటో తేదీ నుంచి కాదు, బిల్లింగ్ తేదీ నుంచి. బిల్లు తయారయ్యే ముందు రోజు గీసింది రెండు రోజుల తర్వాత పద్దులో పడితే అది పై నెల కిందికి పోతుంది. ఇవన్నీ పుస్తకంలో పట్టుకోవాలంటే ఇల్లాలికి చార్టర్డ్ అకౌంటెంట్ చదువు కావాలి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. “మేడమ్, ప్రధాన కార్డుదారు మాట్లాడాలి” అన్నారు. అబ్బాయి మాట్లాడితే “సిస్టం ప్రకారమే వచ్చింది సర్” అన్నారు. సిస్టం ఎలా లెక్కకట్టిందో చూపించమంటే మళ్లీ అదే మాట. బ్యాంకు పేరు రాయను, మిగతావాళ్లూ ఏమంత తేడాగా ఉంటారనుకోను.

ఇంకో మాట. చిన్న కొట్ల దగ్గర అతికించిన క్యూఆర్ కోడ్‌తో రూపే క్రెడిట్ కార్డు వాడుకోవచ్చని 2022 నుంచి చెబుతున్నారు. కానీ ఆ క్యూఆర్ కొట్టాయన సొంత ఖాతాదైతే క్రెడిట్ కార్డు నడవదు. నడిచినచోట కూడా చాలా కార్డులు యూపీఐ ఖర్చుకి క్యాష్‌బ్యాక్ తగ్గిస్తాయి, లేదా ఇవ్వవు. కార్డు గీస్తే 2 శాతం కలిపి తీసుకునే కొట్లూ ఉన్నాయి. ఒక శాతం వెనక్కి తెచ్చుకోవడానికి రెండు శాతం కట్టడం ఏం తెలివో నాకర్థం కాదు.

అన్నిటికన్నా పెద్ద లెక్క వడ్డీది. బిల్లు మొత్తం కట్టకుండా 10,000 మిగిల్చితే, నెలకి మూడున్నర శాతం వడ్డీ ఉన్న కార్డులో ఒక్క నెలకి 350, దాని మీద 18 శాతం జీఎస్టీతో 413. అంటే మాకొచ్చిన 319 పోయి ఇంకో 94 చేతి నుంచి పడతాయి. ఇది కాక బాకీ మిగిలి ఉండగా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. కార్డు వడ్డీకి ఏడాదికి 30 శాతం హద్దు పెట్టిన జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పుని 2024 డిసెంబరులో సుప్రీం కోర్టు కొట్టేసింది. కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉండాలి. మా ఇంట్లో బిల్లు ఎప్పుడూ పూర్తిగానే కడతాం. లేకపోతే ఈ పుస్తకం, ఈ ఐదు శాతం, అన్నీ దండగ.

బ్యాంకులని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. కార్డు గీసిన మరుక్షణం ఎంత పోయిందో ఎస్సెమ్మెస్ పంపుతున్నారు కదా. స్టేట్‌మెంట్‌లో ఆ లైను పక్కనే ఏ కోడ్ పడింది, ఎంత క్యాష్‌బ్యాక్ వచ్చింది అన్న రెండంకెలు వేయండి. కింద ఈ నెల పరిమితిలో ఎంత వాడామో వేయండి. కొన్ని కార్డులు రివార్డు పాయింట్లని లావాదేవీ పక్కనే చూపిస్తున్నాయి, కాబట్టి చేయలేని పనేం కాదు. చేయకపోతే రిజర్వు బ్యాంకు చేయించాలి. కార్డు మూసేయమన్న అర్జీని ఏడు పనిదినాల్లో తేల్చకపోతే రోజుకి 500 చొప్పున కట్టాలని 2022 నిబంధనల్లో పెట్టిన సంస్థకి ఇది కష్టమా?

ఫిర్యాదు చేసేవాళ్లు ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా పంపాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. వివరాలకి 14448 నంబరు. మా అబ్బాయి చేత బ్యాంకుకి రాయించాను, పుస్తకంలో పేజీల ఫొటోలు కూడా జతచేశాం.

మీ పట్టికలో కూడా శాతం గడి పక్కన ఇంకో రెండు గడులు కలపండి: నెలకి పరిమితి ఎంత, అది యాడ్-ఆన్ కార్డులతో కలిపా విడిగానా.

ఇట్లు
ఒక గృహిణి, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా