కేంద్రకానికి అంటించి గీయి, చిన్నీ

చిన్నీ,

నువ్వు పంపిన కణం బొమ్మ రాత్రి చాలాసేపు చూశాను. రంగులు చక్కగా వేశావు. ఒక్క దగ్గరే నా మనసు ఒప్పుకోలేదు. అంతర్జీవ ద్రవ్యజాలాన్ని (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) ఓ మూలన నాలుగు వంకర గీతలు గీసి వదిలేశావు. అది మూలన పడి ఉండేది కాదు తల్లీ. కేంద్రకం బయటి పొరే సాగి, మడతలు పడి, సన్నని గొట్టాలై కణమంతా అల్లుకుంటుంది. మామూలు జంతుకణంలోని పొరలన్నీ పోగేస్తే సగానికి పైగా దీనివే.

1945లో కీత్ పోర్టర్, ఆల్బర్ట్ క్లాడ్, ఎర్నెస్ట్ ఫుల్లమ్ కోడిపిండపు కణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినప్పుడు లేసు అల్లికలా కనబడింది ఇదే.

గరుకుది, నునుపుది రెండూ వేరువేరా అని అడిగావు కదా. కాదు, ఒకే వల. ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు అంటుకున్న చోట గరుకు, లేని చోట నునుపు. ఆ రైబోసోములూ ఎప్పటికీ అక్కడే ఉండిపోవు. తయారవుతున్న ప్రోటీను మొదట్లోనే ఒక చిన్న సంకేతపు ముక్క ఉంటే, అదే రైబోసోమును పొర దగ్గరికి చేరుస్తుంది. దీన్ని కనిపెట్టినందుకే గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది.

ఆ ప్రోటీను వల లోపలికి వెళ్ళాక జరిగేదే నాకు మరీ ఇష్టం. ఇన్సులిన్‌నే చూడు. సంకేతపు ముక్క తెగిపోతుంది, గొలుసు మడత పడుతుంది, మూడు డైసల్ఫైడ్ బంధాలు (గంధకపు ముడులు) బిగుసుకుంటాయి. మడత కుదరని ప్రోటీను, ప్రోటీన్లను సర్ది పంపే గాల్జీ దాకా వెళ్ళలేదు. మళ్ళీ మడత పడే అవకాశం దొరుకుతుంది, అప్పటికీ కుదరకపోతే కణం దాన్ని వల బయటికి నెట్టేసి ముక్కలు చేసేస్తుంది. ఈ పట్టుదల ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్న చాలామందిలో 1480 అమైనో ఆమ్లాల ప్రోటీనులో ఒక్కటే లోపిస్తుంది. కణం పైపొరకు చేరితే అది కొంతైనా పనిచేసేదే. కానీ ఈ వల దాటనివ్వదు. అది చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

నునుపు భాగం కొవ్వులు, స్టిరాయిడ్ హార్మోన్లు తయారుచేస్తుంది, కాలేయంలో మందుల విషాన్ని విరుస్తుంది. కండరాల్లో కాల్షియం దాచి, సంకోచించాల్సిన క్షణంలో వదులుతుంది. నువ్వీ ఉత్తరం మడిచేటప్పుడు నీ వేళ్ళు కదిలించే కండరాల్లోనూ అదే జరుగుతుంది.

ఈసారి కేంద్రకం దగ్గర మొదలుపెట్టి, పెన్సిల్ ఎత్తకుండా గీసి చూడు. గీశాక నాకు పంపు.

నాన్న